రిమార్క్స్ గడిలో పెన్సిల్ రాత

గౌరవనీయులైన కాలేజీ ప్రిన్సిపాళ్లకు, క్రమశిక్షణ కమిటీల సభ్యులకు, విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల పెద్దలకు,



నేను హైదరాబాద్ జహనుమాలో ఉంటాను. ప్రభుత్వ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. అంటే మీరు సంతకం పెట్టే ఎలిజిబిలిటీ ఫారాలు నింపి, మీ గది బయట బెంచీ మీద కూర్చుని, ప్యూను పిలిచినప్పుడు లోపలికి తెచ్చే మనిషిని. మీ సీలు ఏ సొరుగులో ఉంటుందో, శుక్రవారం మధ్యాహ్నం దాటితే అది ఎందుకు దొరకదో నాకు తెలుసు. ఈ లేఖలో ఏ కాలేజీ పేరూ రాయను. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లందరూ హమ్మయ్య అనుకుంటారు. మీకు ఆ వీలు ఇవ్వదలచుకోలేదు.

మొన్న కాలేజీల ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే వెళ్లాను. మా గల్లీ పిల్లవాడు ఆడుతున్నాడని వెళ్లాను. డిగ్రీ రెండో సంవత్సరం, ఎడమకాలి ఆటగాడు, వింగ్ మీద పరిగెడతాడు. నేను చేరేసరికి టీమ్ వార్మప్ చేస్తోంది, వాడూ చేస్తున్నాడు. షిన్‌గార్డులు పెట్టుకున్నాడు, మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కున్నాడు, లేసులకు రెండేసి ముళ్లు వేసుకున్నాడు. ఒంటి మీద మాత్రం ఇంట్లో తొడుక్కునే టీషర్టు. జెర్సీ మడత విప్పకుండా చేతిలో ఉంది. ఇదేంటి బేటా అంటే, “అభీ నై బోలే సార్, రుకో బోలే” అన్నాడు. వేసుకోమని ఎవరూ చెప్పలేదు. వేసుకోవద్దనీ ఎవరూ చెప్పలేదు. ఆగమన్నారు, అంతే.

టీమ్ లిస్టు రెఫరీ చేతికి వెళ్లింది. పేర్లన్నీ నీలం ఇంకుతో ఉన్నాయి, చివరి పేరొక్కటి పెన్సిల్‌తో. రెఫరీ ఒకప్పుడు నా దగ్గర విజిల్ పట్టుకోవడం నేర్చినవాడే. ఆ పేరు మీద వేలుపెట్టి “ఇతను ఉన్నాడా, లేడా?” అన్నాడు. కోచ్ ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. క్రమశిక్షణ కమిటీ కన్వీనర్‌కి చేశాడు, ఆయన ప్రిన్సిపాల్ గారినే అడగమన్నారు. మ్యాచ్ వేళయింది. రెఫరీ ఇంకుతో ఉన్న పేర్లకు టిక్కులు పెట్టుకుంటూ పోయి పెన్సిల్ పేరు దగ్గర ఆగిపోయాడు. పిల్లవాడు ఆట ముగిసేదాకా ఆ జెర్సీ ఒళ్లో పెట్టుకుని టచ్‌లైన్ పక్కన కూర్చున్నాడు. లేసులు విప్పలేదు. ఏ నిమిషంలోనైనా ఫోన్ రావచ్చు కదా.

సంగతేమిటంటే మూడు వారాల కిందట క్యాంటీన్ దగ్గర గొడవ జరిగింది. ఎవరో ఎవరినో తోశారు, ఒకరి కళ్లద్దాలు పగిలాయి. అయిదుగురి పేర్లు రాసుకున్నారు, అందులో వీడిదొకటి. తోశాడా? తోసే ఉండొచ్చు, వింగ్ మీద ఆడేవాడికి భుజం ముందుపెట్టే అలవాటు ఉంటుంది. తోసినట్టు తేలితే శిక్షించండి. సీజనంతా ఆడనివ్వకండి, నేను మీ గుమ్మం ముందుకు వచ్చి బతిమాలను. కానీ ఆ మధ్యాహ్నం ఆ గ్రౌండ్‌లో వాడు ఎవరు? సస్పెండైన విద్యార్థా? మామూలు విద్యార్థా? పొద్దున క్లాసులో హాజరు పలికాడు, లైబ్రరీ కార్డు పనిచేస్తోంది, పరీక్ష ఫీజు కట్టించుకున్నారు. మరి బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడి మీద విచారణ ఎలా గుర్తొచ్చింది?

మీ జవాబు నాకు కంఠతా వచ్చు. “విచారణ పెండింగ్‌లో ఉంది కదండీ, తేలేదాకా ఎందుకైనా మంచిదని…” ఈ ‘ఎందుకైనా మంచిది’ ఎవరికి మంచిది? మీకు మంచిది. ఆడించి రేపు తప్పని తేలితే మాట వస్తుంది. ఆపుతూ ఉత్తర్వు ఇస్తే కారణం రాయాలి, దాని కింద సంతకం పెట్టాలి. ఏదీ రాయకుండా నానబెడితే ఏ మాటా రాదు. కానీ అయ్యా, సస్పెన్షన్ ఉత్తర్వుకు ఒక తేదీ ఉంటుంది. కారణం ఉంటుంది, ముగిసే రోజు ఉంటుంది. అది తప్పనుకుంటే పట్టుకుని పైవారి దగ్గరికి పోవచ్చు. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల్లో విద్యార్థి ఫిర్యాదు మీద కాలేజీ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలని ఉంది. అక్కడా న్యాయం దొరక్కపోతే అంబుడ్స్‌పర్సన్ ఉన్నారు. ఇంత ఏర్పాటు ఉంది గానీ, మా గల్లీ పిల్లవాడు దేని మీద ఫిర్యాదు చెయ్యాలి? వాడి చేతిలో కాగితమే లేదే! శిక్ష వేశారని వాడంటే, మేమెక్కడ వేశామని మీరంటారు. మీరనేదీ నిజమే. అదే నా బాధ.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ లేఖ రాసే అర్హత నాకు ఉండదు.

1998లో అనుకుంటాను, నా టీమ్‌లో ఒక లెఫ్ట్ బ్యాక్ ఉండేవాడు. హాస్టల్లో ఏదో తగాదా అయింది, ఫిర్యాదు ప్రిన్సిపాల్ దగ్గరికి పోయింది. ఫారాలు పంపేరోజు నేను వెళ్లి అడిగితే ఆయన ఫైలులోంచి తలెత్తకుండా “చూద్దాం” అన్నారు. చూద్దాం అంటే పంపమనా, పంపొద్దనా? ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. బయటికొచ్చి, అతని పేరు ఎదురుగా రిమార్క్స్ గడిలో పెన్సిల్‌తో ‘పెండింగ్’ అని రాశాను. పెన్సిల్ ఎందుకంటే, రేపు కుదిరితే చెరిపేయొచ్చని. మంచి ఉద్దేశంతోనే రాశాననుకున్నాను. నిజానికి భయపడి రాశాను. ఆ ఏడు అతను కాలేజీల టోర్నమెంటు ఆడలేదు. ఆడలేదు గనక యూనివర్సిటీ సెలక్టర్ల కంట్లో పడలేదు. వేసవిలో, పరీక్షలు కూడా అయ్యాక, ఆరోపణకు ఆధారాలు లేవని ఫైలు మూసేశారు. ఆ సంగతి అతనికి ఉత్తరం రాసి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఇప్పుడతను ఇంజన్ బౌలి దగ్గర మోటార్ వైండింగ్ దుకాణం నడుపుతున్నాడు. మా ఇంటి బోరు మోటారు కాలిపోతే తీసుకెళ్లాను. రాగితీగ చుట్టలు విప్పుతూ, తల ఎత్తకుండా, ఎన్నేళ్ల నుంచి దాచుకున్నాడో ఏమో, అడిగాడు: “సార్, ఇంతకీ నేను ఆ సంవత్సరం సస్పెండ్ అయ్యానా, కాలేదా?”

కోపంతో అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న ఉత్త బాధతో పుట్టిందనుకోకండి. ఎందుకు పుట్టిందో అతనే చెప్పాడు. డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించాడట. అక్కడ అటెస్టేషన్ ఫారం ఇస్తారు, మీరందరూ మీ కాలంలో నింపే ఉంటారు. ఎప్పుడైనా ఏ విశ్వవిద్యాలయమైనా మిమ్మల్ని బహిష్కరించిందా అని ఒక గడి. ఏ విద్యాసంస్థలోనైనా మీ మీద కేసు పెండింగ్‌లో ఉందా అని ఇంకో గడి. పైన పెద్ద అక్షరాలతో హెచ్చరిక, తప్పుడు సమాచారం ఇస్తే అనర్హులవుతారని. ఆ గడిలో అతను ఏం రాయాలి? ‘లేదు’ అని రాస్తే అబద్ధమేమోనని భయం. ‘ఉంది’ అని రాస్తే ఏమిటా కేసు, నంబరెంత, ఏమైంది అని అడుగుతారు. చూపించడానికి కాగితం లేదు. ఆ ఫారం ఇంటికి తెచ్చుకుని, గడువు దాటేదాకా బీరువాలో పెట్టేశాడు. మీరు, నేను ‘పెండింగ్’ అని ఎంత తేలిగ్గా అంటామో చూడండి. ఆ మాటకు ప్రభుత్వ ఫారంలో ఒక గడి ఉందని మనలో ఎందరికి గుర్తుంటుంది?

ఫుట్‌బాల్ ఆడి ఏం బాగుపడతారండీ అని మీలో కొందరు నవ్వుతారు. నవ్వే ముందు ఈ ఊరి సంగతి కాస్త తెలుసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు, ఉస్మానియాలో చదువుకున్నవాడు. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినా కోచ్ ఆయనే. పోలీస్ టీమ్ అంటే ఏమిటి? బంతి తన్నడం వచ్చినందుకు ఉద్యోగం దొరికిన కుర్రాళ్లు. ఆ దారి ఇప్పుడు సన్నబడింది గానీ మూసుకుపోలేదు. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాడికి ఫారం-3 అనే సర్టిఫికెట్ ఇస్తారు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఆ కాగితం తాళంచెవి లాంటిది. మెట్లు చూడండి: కాలేజీ టీమ్‌లో ఆడాలి, సెలక్టర్లు చూడాలి, యూనివర్సిటీ టీమ్‌లోకి రావాలి, అప్పుడు ఫారం-3. మొదటి మెట్టు దగ్గర మీరు పెన్సిల్‌తో గీత గీస్తే పైమెట్లు ఎక్కడున్నాయి?

పైగా ఆటగాడికి ఉన్న కాలమెంత? సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం 20 ఏళ్ల వయసులో మెల్‌బోర్న్‌లో ఆడాడు. 1963కల్లా అనారోగ్యంతో ఆట మానేయాల్సి వచ్చింది. అంత పెద్ద ఆటగాడికి పై స్థాయిలో దొరికింది ఏడెనిమిదేళ్లు. మన పిల్లలకు డిగ్రీ మూడేళ్లు, అందులో ఏడాదికొక టోర్నమెంటు. అంటే మూడు. మీ ఫైలు ఒక విద్యాసంవత్సరం నానితే ఆ మూడింట్లో ఒకటి పోయినట్టే. గుమాస్తా ఫైలు నానితే ఇంక్రిమెంటు బకాయిలతో సహా తిరిగి వస్తుంది. వీడికి పోయిన సీజను బకాయి ఏ ఖజానా నుంచి ఇస్తారు?

ఈ ఊరికి ఇది కొత్త పాఠం కూడా కాదు. మన అజహరుద్దీన్‌నే చూడండి. మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టినవాడు, చివరిగా 2000లో బెంగళూరులో ఆడిన టెస్టులోనూ సెంచరీ కొట్టాడు. అది 99వ టెస్టు. ఆ డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం వేసింది. ఆ నిషేధం చట్టం ముందు నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది, 2012 నవంబరులో. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. తప్పు చేశాడా లేదా అన్న వాదన ఇప్పటికీ చాయ్ హోటళ్లలో నడుస్తూనే ఉంది, అందులోకి నేను దిగను. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన తీర్పుతో వందో టెస్టు ఆడలేం కదా అన్నదొక్కటే నా మాట. ఆయనకు లాయర్లను పెట్టుకునే స్తోమతు ఉంది, చేతిలో కొట్లాడటానికి ఒక ఉత్తర్వూ ఉంది. మా గల్లీ పిల్లవాడికి రెండూ లేవు.

విద్యార్థి మాట వినకుండా అతనికి నష్టం చేయకూడదని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పి అరవై ఏళ్లు దాటింది. ఉత్తరప్రదేశ్‌లో 1954లో ఇంటర్ పరీక్ష రాసిన ఘనశ్యాం దాస్ గుప్తా అనే విద్యార్థినీ, మరో ఇద్దరినీ కాపీ కొట్టారన్నారు. వాళ్లను అడక్కుండానే ఫలితాలు రద్దు చేశారు. సంజాయిషీ అడగాల్సిందే, వినాల్సిందేనని సుప్రీంకోర్టు 1962లో తేల్చింది. తేదీలు చూశారా? ఇంటర్ పిల్లలకు న్యాయం దొరకడానికి ఎనిమిదేళ్లు. మీలో ఎంతమంది కన్వీనర్లు ఆ క్యాంటీన్ అయిదుగురి లాంటి వాళ్లను పిలిచి “నువ్వేం చెబుతావ్ బాబూ” అని అడిగారు? మూడు వారాల్లో ఒక్క అరగంట దొరకలేదా?

ఇక్కడ మీలో ఒకరు లేచి, “అన్నీ క్యాంటీన్ గొడవలే ఉంటాయా? ర్యాగింగ్ ఉంటుంది, ఆడపిల్లల్ని వేధించిన కేసులుంటాయి. ఫిర్యాదు చేసిన పిల్ల ఎదురుగా వాణ్ని జెర్సీ వేసి ఊరేగించమంటారా?” అని అడగవచ్చు. అడగాలి కూడా. నా జవాబు: వద్దు, ఆపండి. అదే రోజు ఆపండి. కానీ ఆపామని రాయండి. మన తెలుగు రాష్ట్రాల్లో 1997 నుంచి ఉన్న ర్యాగింగ్ నిషేధ చట్టం ఏమంటుంది? ఫిర్యాదు రాగానే ప్రిన్సిపాల్ వెంటనే విచారణ చేయాలి, ప్రాథమికంగా నిజమనిపిస్తే ఇన్నాళ్లని చెప్పి సస్పెండ్ చేయాలి. కళ్లు మూసుకుని కూర్చుంటే ప్రిన్సిపాల్‌నే నేరానికి తోడ్పడినట్టు చూస్తుంది. అంత కఠినమైన చట్టం కూడా ‘ముందు ఆపు, తర్వాత తీరిగ్గా చూద్దాం’ అనలేదు. వెంటనే చూడు, చూసి ఆపు అంది. ఫిర్యాదు చేసిన పిల్లకు కూడా మీ పెన్సిల్ గీత వల్ల ఒరిగేదేమిటి? వాడు శిక్ష పడి ఆడటం లేదో, మోకాలు నొప్పిగా ఉండి ఆడటం లేదో ఆమెకు తెలియదు. వచ్చే వారం మళ్లీ ఆడతాడేమోనని ఆమెకు భయం, ఆడనివ్వరేమోనని వాడికి భయం. ఇద్దరినీ ఒకే చీకట్లో కూర్చోబెట్టి దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టారు.

క్రీడా సంస్థలు ఏమీ మనకన్నా పుణ్యాత్ములు కావు, అయినా ఈ చిక్కుకు ఒక దారి వెతుక్కున్నాయి. ఫిఫా 2011 నాటి క్రమశిక్షణ నియమావళిలో, విచారణ తేలేలోగా ఆటగాణ్ని తాత్కాలికంగా ఆపితే ఆ ఆపడం 30 రోజులకే చెల్లేది. మరీ అవసరమైతే ఇంకో 20 రోజులు పొడిగించే వీలుండేది. అక్కడితో సరి. డోపింగ్ కేసుల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. తాత్కాలికంగా ఆపిన రోజుల్ని, చివరికి పడిన శిక్షలోంచి తీసేస్తారు. మీ కమిటీ రేపు ఈ పిల్లవాడికి రెండు మ్యాచ్‌ల శిక్ష వేస్తే, ఇప్పటికే కూర్చున్న మ్యాచ్‌లు అందులో కలుపుతారా? ఎలా కలుపుతారు, అతన్ని ఆపామని మీరు ఒప్పుకోందే!

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే వేల కోట్ల వ్యాపారం. (వాళ్ల ఫుట్‌బాల్ మనది కాదు, చేత్తో పట్టుకుని పరిగెడతారు. మా బార్కస్ కుర్రాళ్లకు టీవీలో చూపిస్తే, మరి ఫుట్ అని ఎందుకన్నారని అడిగారు.) 2010లో ఆబర్న్ విశ్వవిద్యాలయం ఆటగాడు కామ్ న్యూటన్ మీద, అతని తండ్రి వేరే యూనివర్సిటీతో డబ్బు బేరమాడాడని ఆరోపణ వచ్చింది. నవంబరు 30న అతను అనర్హుడని ప్రకటించారు. మర్నాడే అర్హుడన్నారు. ఆ తర్వాత మూడు రోజులకు పెద్ద మ్యాచ్ ఆడాడు. ఆ డిసెంబరులోనే ఒహాయో స్టేట్ జట్టులో అయిదుగురు నియమాలు తప్పారని తేలితే, వాళ్లకు అయిదు మ్యాచ్‌ల శిక్ష వేసి, అది వచ్చే సీజను నుంచి అమలు అన్నారు. ముందున్న షుగర్ బౌల్ మ్యాచ్‌కి వాళ్లు కావాలి మరి! అందులో నీతి ఎంతో మీరే లెక్క వేసుకోండి. అదంతా ఆదర్శమని నేను చెప్పను. కానీ ఆడేదీ ఆడనిదీ ఆ పిల్లలకు మ్యాచ్‌కి ముందు తెలిసింది. ఆ షుగర్ బౌల్ తెలివి మన దగ్గరా లేకపోలేదు. టీమ్ ఫైనల్‌కు వచ్చిందంటే కొన్ని పెన్సిల్ గీతలు వాటంతటవే చెరిగిపోవడం నేను కళ్లారా చూశాను. లీగ్ మ్యాచ్‌లో ‘పెండింగ్’ అయిన కుర్రాడు ఫైనల్లో కెప్టెన్‌గా టాస్ వేశాడు. విచారణ ఏ రాత్రి ముగిసిందో ఎవరికీ తెలియదు.

ఇక దేశం సంగతి. 2025 జనవరిలో ఐ-లీగ్‌లో ఇంటర్ కాశీ, నామ్‌ధారీ జట్ల మధ్య మ్యాచ్ జరిగింది. సస్పెన్షన్‌లో ఉండాల్సిన ఆటగాణ్ని నామ్‌ధారీ దించిందని గొడవ. ఇంటర్ కాశీకి పాయింట్లు ఒక కమిటీ ఇచ్చింది, ఇంకో కమిటీ తీసేసింది. దానికి ఇంకో ఆటగాడి రిజిస్ట్రేషన్ తగాదా తోడైంది. మధ్యలో చర్చిల్ బ్రదర్స్‌ను ఛాంపియన్ అన్నారు. చివరికి స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఉన్న క్రీడా న్యాయస్థానం జులైలో ఇంటర్ కాశీ గెలిచిందని చెప్పేదాకా ఆ సీజను విజేత ఎవరో దేశానికి తెలియలేదు. ఒక్కడు ఆ మధ్యాహ్నం ఆడొచ్చా ఆడకూడదా అన్న ప్రశ్నకు మ్యాచ్ ముందు రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా జవాబు ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేదా? వాళ్లకు లొజాన్ వెళ్లే విమానం టిక్కెట్టుకు డబ్బుంది. జహనుమా నుంచి యూనివర్సిటీకి రెండు బస్సులు మారి వెళ్లిన తండ్రికి, లంచ్ తర్వాత రమ్మని చెప్పే గుమాస్తా ఉన్నాడు.

ఈ ఊళ్లో పెద్ద ఫుట్‌బాల్ ఏదైనా మిగిలి ఉంటే నేనింత పట్టుబట్టేవాణ్ని కాదేమో. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, జీతాల గొడవల్లో పడింది, 2025లో జెండా పీక్కుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇక మా పాతబస్తీ కుర్రాళ్లకు మిగిలిందేమిటి? పొద్దున్నే గల్లీల్లోంచి లేచి ఆడే మైదానాలు, కాలేజీ టీమ్. మైదానం ఎవరి సంతకమూ అడగదు. కాలేజీ టీమ్ మీ సంతకం అడుగుతుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఫిర్యాదు వచ్చిన రెండ్రోజుల్లో ఒక కాగితం. అందులో పిల్లవాడి పేరు, ఆరోపణ ఏమిటన్నది ఒక్క వాక్యంలో, అతను ఆడొచ్చో ఆడకూడదో, ఆడకూడదంటే ఏ తేదీ దాకా, మాట చెప్పుకోవడానికి ఎవరి ముందుకు ఎప్పుడు రావాలి. అడుగున సంతకం. ఒక ప్రతి పిల్లవాడికి, ఒకటి ఫిర్యాదు చేసినవారికి, ఒకటి ఫిజికల్ డైరెక్టరుకు, అంటే పీడీకి. ఆ తేదీలోగా మీ కమిటీ కూర్చోలేకపోతే పిల్లవాడు ఆడతాడు, తర్వాత ఎప్పుడు తేలితే అప్పుడే శిక్ష వేసుకోండి. యూనివర్సిటీ క్రీడా విభాగం వారు ఇంకొక్క పని చేయాలి. ఎంట్రీ ఫారంలో ఆ రిమార్క్స్ గడి తీసేయండి. దాని స్థానంలో ఉత్తర్వు నంబరు, తేదీ అని రెండు గడులు పెట్టండి. నంబరు లేకపోతే పేరు ఆపే అధికారం ఏ ప్రిన్సిపాల్‌కీ ఉండకూడదు, నాలాంటి ఏ పీడీకీ ఉండకూడదు. మాలో చాలామంది ధైర్యవంతులం కాము, అది మీకూ తెలుసు. గడి ఉంటే రాస్తాం.

ఇందులో ఖర్చేముంది? ఒక అరఠావు కాగితం. కష్టమేముంది? పేరు రాసి కింద మీ పేరు పెట్టడం. ఆ రెండోదే కష్టమా? కష్టమైతే ఆ మాటే ఒప్పుకోండి, దాన్ని పిల్లల ఆటతో ముడిపెట్టకండి. విద్యార్థికి జవాబుదారీతనం నేర్పాలంటారు మీరు ప్రతి వార్షికోత్సవంలో, మైకు ముందు. చేసిన పనికి పేరు పెట్టుకునే ధైర్యం లేని కమిటీ ముందు నిలబడి వాడు ఏ జవాబుదారీతనం నేర్చుకోవాలి?

మా గల్లీ పిల్లవాడు ఈ ఉదయం కూడా కిట్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్తూ కనిపించాడు. తర్వాతి మ్యాచ్ గురువారం. “ఏమన్నారు?” అంటే, “రుకో బోలే సార్” అన్నాడు.

ఇంజన్ బౌలి మోటార్ దుకాణం అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం అంతగా రాదు, చదువంతా ఉర్దూ మీడియం. ఇది అచ్చయ్యాక పట్టుకొచ్చి చదివి వినిపించమన్నాడు. వినిపిస్తాను. మీరు జవాబు రాస్తే అది కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్
జహనుమా, హైదరాబాద్